ఎనిమిదింటికే పట్టిన సీటు

"ఇదిగో తొమ్మిదిన్నర గారూ, ఆ కాగితం నా టేబుల్ మీద పెట్టకండి."

ఆఫీసులో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. రోజూ తొమ్మిదిన్నరకి వస్తాను కాబట్టి అదే నా పేరైపోయింది. పెట్టింది ఈవిడే. బదులుగా నేను ఆవిడకి 'స్కేలు' అని పెట్టాను. మనిషి నిటారుగా కూర్చుంటుంది, మాట నిటారుగా వస్తుంది. ఎవరైనా గీత వంకరగా గీస్తే నాలుగు టేబుళ్ళ అవతల నుంచే పట్టేస్తుంది.

"ఇది ఫారమండీ. రోజుకి ఎన్ని గంటలు సాఫ్ట్‌వేర్ వాడతారో రాయాలి."

"పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా. రాసుకోండి."

"ఎనిమిదా? ఆఫీసు తొమ్మిదికి కదండీ!"

"ఆఫీసు ఎన్నింటికో మీకు తెలుసన్నమాట," అంది తల ఎత్తకుండా.

పక్క టేబుళ్ళలో నవ్వులు. నా మొహం మాడిపోయింది.

మాది వంతెనలు డిజైన్ చేసే కంపెనీ. గీసేవాళ్ళం నలభై రెండు మంది, గీసే సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సులు మాత్రం ఇరవై ఐదు. వాటిని మేం సీట్లంటాం. పొద్దున ఎవరు ముందు తెరిస్తే వాళ్ళకి సీటు. ఇరవై ఆరో మనిషికి తెర మీద ఎర్రటి డబ్బా వచ్చి ఖాళీ లేదంటుంది. ఇంకొకరు మూసేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి.

నాకు మూడేళ్ళలో ఆ ఎర్రడబ్బా ఒక్కసారే వచ్చింది, చేరిన రోజున. ఆ తర్వాత అందరికన్నా వెనక వచ్చినా నాకో సీటు ఉండేది. నక్క తోక తొక్కి వచ్చానని అందరూ ఏడ్చేవాళ్ళు. నేనూ అదే అనుకుని కాలరెగరేసేవాణ్ణి.

వచ్చే సోమవారం నుంచి ఈ తంతు ఉండదు. లైసెన్సులు క్లౌడ్‌కి మారుతున్నాయి. ఇక సీటు మనిషి పేరు మీదే ఉంటుంది. ఎప్పుడొచ్చినా, ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తన పేరుతో తెరుచుకోవచ్చు. కాకపోతే ముప్ఫై పేర్లకే చోటు. మిగతా పన్నెండు మంది డ్రాయింగులు చూడగలరు, గీయలేరు. ఒకసారి సర్వర్‌ని ఆపి మళ్ళీ ఆన్ చేసిన పాపానికి ఆ ముప్ఫై పేర్లు తేల్చే పని నా నెత్తిన పడింది.

డైరెక్టర్ గారి ఆజ్ఞ ఒక్కటే. "సీటు పట్టుకుని పని చెయ్యకుండా కూర్చున్నవాళ్ళెవరో చూడు. ముందు వాళ్ళని తీసెయ్."

సర్వర్ దాచిన ఏడాది లెక్క మొత్తం తీశాను. పైన వచ్చిన పేరు చూసి కళ్ళు నులుముకున్నాను. స్కేలు! రోజూ రెండు సీట్లు. ఒకటి తన కంప్యూటర్లో, రెండోది ప్రింటర్ల గదిలో మూలనున్న పాత కంప్యూటర్లో. ఆ రెండోదాంట్లో గంటన్నర సేపు ఒక్క గీత కూడా గీసింది లేదు.

అబద్ధమెందుకు, ముందు నాకు పండగలా అనిపించింది. ఇంకేమీ చూడకుండా ఆవిడ పేరు కొట్టేసి జాబితా పంపేశాను. ముప్ఫయ్యో పేరు నాది.

పది నిమిషాల్లో డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. "ఆ అమ్మాయి నది వంతెన మీద రెండేళ్ళుగా పని చేస్తోందయ్యా. తీసేస్తే అది వేరేవాళ్ళకి ఇవ్వాలి. మూడింటికి మీటింగ్. రుజువు కావాలి, రోజువారీ లెక్క పట్రా."

అప్పుడు తెరిచాను, రోజువారీ లెక్క.

ఎనిమిది గంటల మూడు నిమిషాలకి రెండో సీటు పట్టింది. తొమ్మిదీ ముప్ఫై ఒకటికి వదిలింది. తొమ్మిదీ ముప్ఫై రెండుకి అదే సీటు ఇంకొకరికి వెళ్ళింది. ఆ ఇంకొకరు నేను.

మర్నాడు, ఆ మర్నాడు, ఏ పేజీ తిప్పినా అంతే.

నాకు జ్వరమొచ్చి వారం రాని రోజులు వెతికాను. ఆ వారమంతా ఆవిడ రెండో సీటు పట్టనే లేదు. టైరు పంక్చరై పదకొండింటికి వచ్చిన రోజు చూశాను. పదకొండు దాకా పట్టుకునే ఉంది.

మూడేళ్ళుగా నా అదృష్టమనుకున్నది నాలుగు టేబుళ్ళ అవతల కూర్చుని నన్ను రోజూ చీవాట్లు పెడుతోంది. ఆ మనిషి పేరే నా చేత్తో కొట్టేశాను.

జాబితా వెనక్కి తీసుకుందామని పరుగెత్తేసరికి మీటింగ్ గదిలో అందరూ చేరిపోయారు. డైరెక్టర్ గారు తీసేసినవాళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టారు. తన పేరు వినగానే స్కేలు మొహం పాలిపోయింది. నావైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. ఆవిడ తల దించుకోవడం ఎన్నడూ చూళ్ళేదు నేను.

"సార్, ఆ సీటు నాది," అన్నాను.

గదిలో అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు.

"నీదేంటయ్యా? ఆవిడ పేరుతో ఉంటే!"

"ఆవిడ పట్టింది నాకోసం సార్. నేను రాగానే వదిలేసేవారు. లెక్క ఇదిగో. తప్పు నా ఆలస్యానిది. నా పేరు తీసేసి ఆవిడది పెట్టండి."

"రోజూ అంత ఆలస్యం దేనికి?"

"మా అక్క నర్సు సార్. రాత్రి డ్యూటీ, ఇంటికొచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. బావ ఓడలో పని చేస్తాడు. మేనకోడలికి రెండు జడలు వేసి బడిలో దింపి వస్తాను."

"జడలా! నువ్వా?"

"మొదట్లో ఒక్కో జడకి అరగంట పట్టేది సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే. నది వంతెన ఆవిడ దగ్గరే ఉంటుంది. నువ్వు మూడు నెలలు చూడ్డం వరకే. ఈ మూడు నెలల్లో తొమ్మిదికి రావడం నేర్చుకో."

బయట వాన మొదలైంది. వరండాలో వెనక నుంచి నిటారైన గొంతు వినిపించింది.

"ఎవరు అడిగారు మిమ్మల్ని?"

"సీటు పట్టమని మిమ్మల్ని ఎవరు అడిగారు?"

ఆవిడ వానవైపు తిరిగింది.

"చేరిన రోజు మీ మణికట్టుకి ఎర్ర రిబ్బను చుట్టుకుని ఉంది," అంది నెమ్మదిగా. "ఎర్రడబ్బా వస్తే అందరూ కంప్యూటర్ని తిడతారు. మీరు రిబ్బను చూసుకుని, 'అయ్యో, పాప ఒంటి రిబ్బనుతో బడికెళ్ళింది' అన్నారు. రేపు ఈయనకి సీటుండాలి అనుకున్నాను."

"అది ఒక్కరోజు కదా. మూడేళ్ళేంటండీ?"

"ఇష్టమని చెప్పే ధైర్యం లేదు నాకు. సీటు పట్టే ధైర్యం ఉంది. అందుకని అదే చేశాను."

వాన జల్లు మొహాన కొడుతున్నా కదల్లేకపోయాను. ఏదో ఒకటి అనాలి కదా మనిషన్నాక.

"మరి రోజూ తిట్టేవారు కదండీ!"

"తిట్టకపోతే దొరికిపోనూ?" అని గిరుక్కున వెళ్ళిపోయింది.

"నాకూ మీరంటే…" అన్నాను. వరండాలో ఎవరూ లేరు. నా బుర్ర ఎప్పుడూ ఇంతే, తొమ్మిదిన్నరకి గానీ చేరదు.

సోమవారం వచ్చింది. ఎవరి సీటు వాళ్ళకుంది, ఎవరూ తొందరపడి రావాల్సిన పని లేదు. ఇంట్లో దువ్వెన పళ్ళ మధ్య పట్టుకుని మేనకోడలి మొదటి జడతో కుస్తీ పడుతున్నాను. సరిగ్గా ఎనిమిదింటికి తలుపు చప్పుడైంది. ఆవేళ డ్యూటీ నుంచి త్వరగా వచ్చేసిన అక్క వెళ్ళి తీసింది.

గుమ్మంలో స్కేలు. చేతిలో కొత్త ఎర్ర రిబ్బన్ల జత.

నా నోట్లోంచి దువ్వెన జారి కింద పడింది.

"మీరా! ఇక్కడా! ఈ టైములోనా!"

"మూడేళ్ళుగా ఎనిమిదింటికి మీ పనిమీదే వస్తున్నాను. ఇవాళ చోటు మారింది, అంతే," అంది. "లేవండి. జడలు నేను వేస్తాను, బడిలోనూ దింపుతాను. మీరు తొమ్మిదికల్లా ఆఫీసులో ఉండాలి."

"ఒక్క నిమిషమండీ. ఆరోజు వరండాలో ఒక మాట చెప్పాలనుకున్నాను. నాకూ మీరంటే ఇష్టం. చాలా."

ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. దువ్వెన తీసుకుని పాప వెనక నిటారుగా కూర్చుంది. అక్క మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఒంటి మీద యూనిఫాం అలాగే ఉంది, కళ్ళలో నిద్ర మాత్రం ఎగిరిపోయింది.

"మామయ్యా! ఈ ఆంటీ అస్సలు లాగట్లేదు!" అంది మేనకోడలు ఆశ్చర్యంగా.

"ఆంటీ ఏంటే, తప్పు," అంది అక్క. "అత్తయ్య అను."