వెనక్కి పిలుపు

రెల్లుగడ్డ రేవులో అరుపులు ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. పడవలు వస్తాయి, గంపలు దిగుతాయి, కొనేవాళ్లు వస్తారు. అమ్మే మనిషి మణికట్టుకొక పట్టీ, కొనే మనిషి మణికట్టుకొక పట్టీ. ఇద్దరి కళ్లజోడు అద్దాల మీదా అంకెలు గబగబా మారి ఒకచోట ఆగుతాయి. అంతే, చేప చేతులు మారుతుంది. బేరమాడటమంటే ఏమిటో ఆ ఊరి పిల్లలకు తెలియదు.

ఆ పట్టీల వెనక ఉన్న యంత్రం పేరు ఒప్పందిని. బేరంలో ప్రతి మనిషికీ ఒక హద్దు ఉంటుంది. అది దాటితే లేచిపోతాడు. పాత పుస్తకాలు రిజర్వ్ ప్రైస్ అని పిలిచిన ఆ హద్దుకు ఆచార్య భానుమూర్తి ‘ఆఖరి మాట’ అని పేరు పెట్టాడు. నోటితో చెప్పే ఆఖరి మాట ఎప్పుడూ ఆఖరిది కాదు కాబట్టి, నాడినీ, చెమటనీ, కంటిపాప కదలికనూ చదివి అసలుదాన్ని పట్టే సెన్సర్‌ను ఆయనే కనిపెట్టాడు. రెండువైపులా ఆఖరి మాటలు తెలిశాక మధ్య ధర తీయడం ఎంతసేపు? రెప్పపాటు. ఇద్దరికీ సమాన న్యాయం.

కూరగాయల నుంచి వంతెనల దాకా దేశమంతా అదే పద్ధతి. కాకినాడలో భానుమూర్తి నడిపే నిర్మాణ వాణిజ్య నిర్వహణ కళాశాలలో ఒకప్పుడు టెండర్లు, కొలతలు, క్లెయిములు, తగువుల పరిష్కారం అంటూ నాలుగేళ్ల చదువుండేది. ఇప్పుడు రెండేళ్లకు కుదించారు. అందులోనూ సగం పట్టీ సరిగ్గా కట్టడం ఎలాగన్నదే.

చివరి పరీక్ష మాత్రం గట్టిది. ఆగిపోయిన పనొకటి అప్పగిస్తారు. దాన్ని, ఖర్చు పెరగకుండా, కదిలించాలి. కదిలితే పట్టా, లేకపోతే రెండేళ్లూ వృథా. నీలవేణికి రెల్లుగడ్డ సముద్రపు గోడ పడింది.

ఆమె వెళ్లేసరికి గోడ మూడోవంతు లేచి ఆగి ఉంది. అవతల కెరటాలు ఇసుక కోసుకుంటూ ఇళ్ల పునాదుల దాకా వచ్చేశాయి. వానాకాలంలోగా గోడ పూర్తికాకపోతే ముందు వరస ఇళ్లు ఉండవు. నీటి అడుగున కాంక్రీటు దిమ్మెలు దించే పని ఓలేటి దానయ్య మేస్త్రి ముఠాది. పని చేయించే సంస్థ తరఫున ఇంజనీరు రహంతుల్లా. దిమ్మెకు నాలుగు వేల రెండు వందలు, బోటు ఛార్జింగ్ ఖర్చు సంస్థదే అని ఒప్పందిని తేల్చిన రేటు. ఇద్దరూ సంతకం పెట్టినవాళ్లే. ఆ రోజు నుంచీ దానయ్య అదనపు డబ్బు కోసం రోజుకో క్లెయిము పెడతాడు, రహంతుల్లా రోజుకోటి కొట్టేస్తాడు, పని కదలదు.

“మేస్త్రి గారూ, రేటు మీకు గిట్టటం లేదా?” అని అడిగింది నీలవేణి.

“గిట్టకేమమ్మా, గిట్టుద్ది.”

“మరి?”

దానయ్య చుట్ట పక్కన పెట్టాడు. “ఆ పట్టీ కట్టారండి. నేను సరిగ్గా కూకోనుకూడా లేదు, అయిపోయిందన్నారు. అంత బేగా తేలిపోయిందంటే నేనేదో తక్కువకి ఒప్పేసుకున్నట్టే కదండీ?”

“మీరు ఒప్పుకోవడమేంటి? మీరసలు ఏమీ అడగలేదు కదా.”

“అదేనమ్మా నేను మొత్తుకునేది! నన్ను అడగనిచ్చిందెవరు?”

రహంతుల్లా దగ్గరా ఇదే రోగం. “ఇంకో రెండొందలు తక్కువకి వచ్చేవాడేమో అనిపిస్తుందమ్మాయ్. రాత్రిళ్లు అదే ఆలోచన. అందుకే ఆయన ఏ కాగితం పంపినా నాకు ఒళ్లు మండుతుంది.”

నీలవేణికి అప్పుడు అర్థమైంది. ఒప్పందిని బేరాన్ని చంపలేదు. ఒక పూటలో తీరిపోయే బేరాన్ని తీసుకెళ్లి పని పొడవునా పరిచింది. ప్రతి దిమ్మె దగ్గరా ఇద్దరూ మళ్లీ మళ్లీ ఆ రోజు ఆడని బేరమే ఆడుతున్నారు.

పాత ఒప్పందాన్ని ఇద్దరి అంగీకారంతో రద్దు చేయించి, రేవు ఒడ్డున పాకలో ఇద్దరినీ కూర్చోబెట్టి, పట్టీలు ఊడదీసింది.

“నాకు బేరం రాదమ్మాయ్,” అన్నాడు రహంతుల్లా బెదురుగా. “ఇంట్లో బేరాలన్నీ మా నాయనమ్మే ఆడేది.”

“అయితే మనకి లాభవే,” అన్నాడు దానయ్య. “అయిదు వేలు.”

“అయిదు వేలా? ఆ డబ్బుకి సముద్రాన్నే కొనెయ్యొచ్చు.”

“కొనెయ్యండి మరి. గోడ కట్టే బాధ కూడా తప్పుద్ది.”

పాక బయట జనం పోగయ్యారు. ముసలివాళ్లు ముందుకు తోసుకొచ్చి, ఎప్పుడో మర్చిపోయిన రుచి నోటికి తగిలినట్టు చూస్తున్నారు. రెండు విడతలు టీ అయింది. రహంతుల్లా తన పిల్లల చదువుల ఖర్చు చెప్పుకున్నాడు. దానయ్య తన మోకాళ్ల నొప్పులు చెప్పుకున్నాడు. చివరికి దానయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

“ఉంటానండీ. మనకి కుదరదు.”

పాక దాటాడు. జనం దారి ఇచ్చారు. అతను వెనక్కి తిరగలేదు గానీ, నడక మాత్రం కాస్త నెమ్మదిగానే ఉంది. నీలవేణి గుమ్మం దాకా వచ్చి చూసింది. అతను వెళ్లిపోతే తన పట్టా మాట అటుంచి, ఆ ముందు వరస ఇళ్లు?

“దానయ్య గారూ!” రహంతుల్లా పాక బయటికే వచ్చేశాడు. “అలా వెళ్లిపోతే ఎలాగండీ? రండి. నాలుగు వేల నాలుగొందలు. బోటు ఛార్జింగ్ మీరే చూసుకోండి.”

దానయ్య ఆగాడు. ఊరంతా వింటూ ఉంది. తాపీగా వెనక్కి వచ్చి చెయ్యి చాచాడు.

మర్నాటి నుంచి ఒక్క క్లెయిమూ లేదు. గోడ లేచింది. వానలు మొదలయ్యేసరికి ముందు వరస ఇళ్లవాళ్లు అరుగుల మీద కూర్చుని, గోడకు కొట్టుకుంటున్న కెరటాలను చూస్తున్నారు.

పరీక్ష కోసం లెక్క కట్టినప్పుడు నీలవేణికి చిన్న ముల్లు గుచ్చుకుంది. బోటు ఛార్జింగ్ దిమ్మెకు మూడు వందల యాభై పడుతోంది. అది తీసేస్తే దానయ్యకు మిగిలింది యంత్రం ఇచ్చినదానికన్నా నూట యాభై తక్కువ. మనసొప్పక వెళ్లి చెప్పింది.

దానయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మొహం కాస్త వాడింది. కాసేపటికి మళ్లీ నవ్వాడు.

“పోన్లే అమ్మా. ఆయనే బయటికొచ్చి మరీ నన్ను వెనక్కి పిలిచాడు. అందరూ చూశారు కదా.”

యంత్రాన్ని పక్కన పెట్టినందుకు భానుమూర్తి కోప్పడతాడనుకుంది. ఆయన లెక్క చూసి కుర్చీలోంచి లేచాడు.

“తక్కువ పుచ్చుకున్నాడు, పైగా సంతోషంగా పనిచేశాడు! ఇరవై ఏళ్లుగా నేను మనుషులకి న్యాయం పంచుతున్నానమ్మా. వాళ్లకి కావలసింది అది కాదన్నమాట.”

“సార్, అతను నష్టపోయాడని కదా నేను చెప్పేది?”

“విన్నానమ్మా. బాగా విన్నాను.”

ఏడాది తిరగకుండా రెండో ఒప్పందిని వచ్చింది. దానికి గొంతుంది. ఎదుటి మనిషి ఆఖరి మాట మొదటి రెప్పపాటులోనే పట్టేస్తుంది. కానీ చెప్పదు. నిట్టూరుస్తుంది, అలుగుతుంది, మధ్యాహ్నమంతా బేరమాడి, చివరికి ఓడిపోయినట్టు నటించి, తనను కొనుక్కున్న యజమానికి నాలుగు డబ్బులు మిగుల్చుతుంది. ఎక్కడా క్లెయిముల మాట లేదు. దేశమంతా సంతోషంగా ఉంది.

పట్టా పుచ్చుకున్న నీలవేణిని ఒక నిర్మాణ సంస్థ ఉద్యోగానికి పిలిచింది. గదిలో మనుషులెవరూ లేరు. బల్ల మీద రెండో ఒప్పందిని ఉంది.

“జీతం సంగతి చూద్దామా అమ్మా?” అంది అది, ఇంటి మనిషిలా.

పట్టీ చుట్టుకున్న క్షణంలోనే తన ఆఖరి మాట దానికి తెలిసిపోయిందని నీలవేణికి తెలుసు. ఎంతివ్వాలో ఎప్పుడో తేల్చుకుని ఉంటుంది. అయినా అడిగింది. అది నొచ్చుకుంది. ఆమె కొంత తగ్గింది. అది కొంత పెరిగింది. గంట గడిచింది.

“నాకు కుదరదండీ,” అని లేచింది. తలుపు దాకా నడిచింది. వెనక ఏ చప్పుడూ లేదు. పిలవదేమోనన్న భయంతో, చెయ్యి గడియ మీద పడి ఆగింది.

“నీలవేణి గారూ, అలా వెళ్లిపోతే ఎలాగండీ?”

ఎంత పెంచుతుందో అది ఇంకా చెప్పనే లేదు. అప్పటికే ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది.