బండి ఆపితే ఆగే ఏడుపు

సాయంత్రం ఏడు దాటింది. సన్నటి వాన. ఉసూర్ సంత నుంచి జీపు బాసగూడ వైపు వస్తోంది.

దారిలో వాగు మీది పులియాకు, ఆ చిన్న వంతెనకు, చెడ్డ పేరుంది. వరదలో పోయిన ఆడమనిషి ఒకతె జీపుల సౌండు బాక్సుల్లో దూరి ఏడుస్తుందట. దిగుడులో గుంతలు మొదలవగానే ఏడుపు... ఇంజన్ గట్టిగా మొత్తుకుంటే ఆమె గొంతూ లేస్తుంది. ఇంజన్ ఆపేస్తే — నోరు మూస్తుంది. అందుకే ఊళ్ళోని మూడు జీపులూ అక్కడ తాళం తిప్పేసి, చప్పుడు లేకుండా దిగుడు జారి, వాగు దాటాకే మళ్ళీ స్టార్టు చేస్తాయి.

నిరుడు వానల్లో సావిత్రి కొడుకు మురళి కూడా అలాగే జారాడు. పులియా మీద బండి నిలవలేదు. వాగులో పడింది. ఆ దెయ్యమే లాక్కుందని ఊరంతా అన్నది. సావిత్రీ నమ్మింది.

ఇవాళ బండి నడిపేది సావిత్రి తమ్ముడు అప్పయ్య. వెనక సీట్లో ఆమె, కూతురు ప్రవీణ. అన్న పోయాక ఆ పిల్ల జగదల్‌పూర్‌లో కార్లకు సౌండు బిగించే దుకాణంలో చేరింది.

గుంతలు వచ్చాయి.

ఊఁ... ఊఁ...

సీటు కింది బాక్సులోంచి. సన్నగా.

సావిత్రి కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పయ్య చెయ్యి తాళం మీదికి పోయింది.

“మామా, ఇంజన్ ఆపకు,” అంది ప్రవీణ. “బ్రేకు తొక్కి నిలబెట్టు.”

దెయ్యం ముందర నీ పెత్తనమేందని గొణిగాడు గాని, తొక్కాడు. బండి నిలిచింది. ఏడుపు ఆగలేదు.

ప్రవీణ సీటు ఎత్తింది. సెల్లు లైటు వేసింది. బాక్సు నుంచి వచ్చిన నల్ల తీగ ఒకటి బండి రేకుకు స్క్రూతో బిగించి ఉంది — రంగు గీకకుండా, రంగు మీదనే. స్క్రూ వదులై ఊగుతోంది.

తీగను వేలితో రేకుకు అదిమింది. ఏడుపు ఆగింది.

వదిలింది... ఊఁ...

అదిమింది. ఆగింది.

తీగ చివర పసుపు టేపు, మూడు చుట్లు. అది మురళి చేతి పని. మూడు జీపులకూ బాక్సులు బిగించింది వాడే.

“మరి ఇంజన్ ఆపితే ఎట్ల ఊరుకునేది?” అడిగాడు అప్పయ్య.

“తీగ రేకుకు సరిగ్గా తగలక బాక్సులో దూరేది ఇంజన్ కరెంటే మామా. ఇంజన్ ఆగితే ఇంకేం మోగుద్ది?” ప్రవీణ బ్లేడుతో రంగు గీకుతోంది. తల ఎత్తలేదు. “ఇంజన్ ఆగితే బ్రేకు కూడా రాయైపోద్ది. ఒకటి రెండు సార్లు తొక్కితే అంతే, ఇక పట్టదు. అన్న తొక్కే ఉంటాడు.”

స్క్రూ బిగిసింది. ఇంజన్ నడుస్తూనే దిగుడు దిగారు. పులియా మీద వాన చప్పుడే.

“వాడికి దెయ్యాలంటే నవ్వులాట గదా అక్కా,” అన్నాడు అప్పయ్య. “ఎందుకు ఆపాడో...”

 మురళి పోయిన రోజు పొద్దున సావిత్రే వాడి చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నది. పులియా కాడ ఇంజన్ ఆపుతానని ఒట్టు వేస్తేనే వదిలింది. వాడు నవ్వుతూనే వేశాడు.

ఇంటి గడపలో నిలబడి సావిత్రి లెక్కపెట్టింది. అప్పయ్య. ప్రవీణ. తను.

నాలుగోవాడి కోసం మళ్ళీ లెక్కపెట్టింది.

ముగ్గురే.