చీటీలు వేసే మనిషి

హాలియాలో సుచరిత పనిచేసే మెడికల్ షాపుకు మల్లికార్జున్ మొదటిసారి వచ్చిన రోజు, అతని వంతు ఎంతకీ రాలేదు. ఎవరూ అడ్డం దూరలేదు, అతనే ఒక్కొక్కరినీ ముందుకు పంపాడు. ముసలమ్మను పంపాడు, పసిపిల్లను ఎత్తుకున్నామెను పంపాడు, బస్సుకు టైమైందన్న పెద్దమనిషినీ పంపాడు.

“సార్, గిట్లయితే మీ నంబర్ రేపొస్తది,” అంది సుచరిత నవ్వు ఆపుకుంటూ. “ఏం గావాలె?”

“తలనొప్పి గోలి.”

“ఏం పని చేస్తరు?”

“డిగ్రీ కాలేజీల ఫిలాసఫీ చెప్త.”

“గందుకే తలనొప్పి,” అని గోలీలు కత్తిరించి చేతిలో పెట్టింది.

ఆ తర్వాత అతనికి వారానికి రెండుసార్లు తలనొప్పి రావడం మొదలైంది. కొన్నాడే గానీ ఒక్క గోలీ మింగిన ముఖం కాదని ఆమెకు తెలుసు.

“గా ఫిలాసఫీతోని ఎవలి కడుపన్న నిండుతదా?” అని ఏడిపించేది.

“నిండదు. ఎవలి కడుపు ఎందుకు నిండలేదో అడగనీకి పనికొస్తది,” అనేవాడు. అట్లా అంటూ తలెత్తి చూస్తే, సుచరిత ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయి నాలుక కరుచుకునేది.

ఆరు నెలల్లో పెళ్లి మాట అనుకున్నారు. ఆమె తండ్రి వీరేశానికి చెప్పారు. ఊరికింకా చెప్పలేదు.

ఆ యాసంగి పంటకు సాగర్ కాలువలో నీళ్లు తక్కువొచ్చాయి. సుచరిత వాళ్ల ఊరి పిల్లకాలువ కింద పద్దెనిమిది మంది రైతులు. తూము పక్కనున్న వీరేశం మడి నిండేది, చివరనున్న యాదమ్మ మడి నెర్రెలు వాసేది. రోజూ కొట్లాటే. మల్లికార్జున్ ఊరికొచ్చి ఒక దారి చెప్పాడు.

“ఎవలి వంతు ఎప్పుడో తెల్వకముందే రూల్ రాసుకోవాలె. ఆఖరు వంతు నాకే వస్తే ఎట్ల అని ప్రతొక్కలు అనుకొని రాయాలె. గట్ల రాస్తే ఎవలికీ అన్యాయం గాదు.”

అందరూ ఒప్పుకున్నారు, వీరేశం కూడా. చీటీలు తీసి వంతులు కట్టాలనీ, చీటీలు వేసే మనిషికి ఏ పక్షమూ ఉండకూడదనీ రాసుకున్నారు. సారుకు ఊళ్లో భూమి లేదు గదా అని చీటీలు కలిపే చెంబు అతని చేతికే ఇచ్చారు.

ఊరి రైతు వేదిక హాలులో అందరూ తీశాక చివరి చీటీ వీరేశానికి మిగిలింది. విప్పితే పద్దెనిమిదో వంతు.

“సార్, చెంబు తడిగున్నది. గీ చీటీ అడుగుకు అంటుకున్నది, కలవనే లేదు. మళ్ల తియ్యిండ్రి,” అన్నాడు వీరేశం.

హాలంతా మల్లికార్జున్ వైపు చూసింది. “తీసిన చీటీ తీసినట్టే,” అన్నాడతను.

నీళ్లు అందేసరికి వీరేశం పొలంలో ఎకరం వరి ఎండిపోయింది.

సుచరిత అతన్ని షాపు బయటనే నిలబెట్టి అడిగింది. “గదే మాట ఇంకెవలన్న అంటే మళ్ల తీసేటోనివి గదా?”

అతను చూపు తిప్పుకున్నాడు.

“మా బాపు అన్నడని తియ్యలే. మన సంగతి తెలిస్తే ఊరు ఏమంటదో అని భయపడ్డవు. నీ పేరు కాపాడుకున్నవు. గది న్యాయమా?”

క్లాసులో గంటలు గంటలు మాట్లాడే మనిషి తలవంచుకుని నడిచి వెళ్లాడు. ఆ ఏడు కాలేజీ అయిపోగానే కల్వకుర్తి కాలేజీకి మారిపోయాడు.

రెండేళ్లు. తను అన్న మాటలో తప్పు లేదని సుచరితకు తెలుసు, కానీ ఆ తెలివిడితో ఏం చేసుకోవాలో తెలియలేదు. కల్వకుర్తి నుంచి వచ్చే బస్సు షాపు ముందు ఆగితే దిగేవాళ్లందరినీ చూసేది. తలనొప్పి గోలి అని ఎవరడిగినా చటుక్కున తలెత్తేది.

“తప్పు ఆయనది, ఎండిపోయేది నువ్వా?” అంది పక్క కౌంటరులోని మంజులత.

“కోపం ఎప్పుడో పోయిందే. మనిషే రాలే,” అంది సుచరిత. అతను కావాలని ఉందనీ, అదొక్కటే ఉందనీ చెప్పలేక మందుల పెట్టెలు సర్దింది.

ఈ యాసంగిలో మళ్లీ నీళ్లు తగ్గాయి. చీటీలు వేయడానికి ఒకరిని ఒకరు నమ్మలేదు. తూము తలుపులు చూసుకునే లస్కర్ ఖాసిం, “గా సార్నే పిలుద్దాం,” అన్నాడు. అందరూ వీరేశం ముఖం చూశారు.

“పిలువుండ్రి,” అన్నాడు వీరేశం. “చెంబు మాత్రం నేను తుడుస్త.”

మల్లికార్జున్ వచ్చాడు. చిక్కిపోయాడు. ఆడవాళ్ల వెనుక నిలబడ్డ సుచరితను చూసి, చూపు తిప్పుకోవడం మర్చిపోయాడు. వీరేశం కండువాతో రెండుసార్లు తుడిచి చెంబు ఇచ్చాడు. అతను అందుకుని, బల్ల మీద పెట్టేశాడు.

“నేను వెయ్యలేను.”

“ఏమాయె సార్?” అన్నాడు ఖాసిం.

“వేసేటోనికి పక్షం ఉండొద్దని రాసుకున్నం. నాకున్నది. పోయినసారి గూడ ఉండె, చెప్పలే. అది బయటపడొద్దని వీరేశం గారి న్యాయమైన మాట కొట్టేసిన. చెంబు తడిగనే ఉండె. నేను చూసిన.”

వీరేశం కండువా మళ్లీ భుజాన వేసుకున్నాడు.

“ఎవలి పక్షం సార్?” అంది యాదమ్మ.

“గా వెనుక నిలబడ్డామె పక్షం. రెండేండ్ల సంది తగ్గుతదేమోనని చూసిన. తగ్గలే.”

యాదమ్మ సుచరితను మోచేత్తో ముందుకు తోసింది. ఆమె వచ్చి అతని ఎదుట నిలబడింది. కళ్లు నిండిపోయాయి గానీ గొంతు మాత్రం కౌంటరు దగ్గరిదే.

“గోలీలు ఎన్ని మిగిలినయి?”

“అన్నీ ఉన్నయి.”

వీరేశం బల్ల మీది చెంబు తీసి ఖాసింకు ఇచ్చాడు. “గీ కాలువ కింద నీకు భూమి లేదు, బిడ్డల్లేరు. నువ్వు వెయ్యి భాయ్.” మల్లికార్జున్ వైపు తిరిగాడు. “నువ్వు నా పక్కన కూసో. మా ఇంటి చీటీ నువ్వే తియ్యాలె.”

మల్లికార్జున్ చెయ్యి పెట్టి తీశాడు. విప్పి, పాలిపోయాడు. పద్దెనిమిది.

వీరేశం ఆ కాగితాన్ని వేళ్లతో తడిమి చూశాడు. “చెంబు పొడిగనే ఉండెనా?”

“పొడిగనే ఉండె, మామా.”

“అయితే తీసిన చీటీ తీసినట్టే,” అన్నాడు వీరేశం.