జత బిళ్ళ

ఒంగోలు నుంచి గుంటూరు వెళ్ళే డ్రైవర్ లేని బస్సు ఇంకా ఊరు దాటనేలేదు, హైమావతి మెడలోని బిళ్ళ పచ్చగా వెలిగింది.

"అప్పుడేనా! ఇదేదో పాడైనట్టుంది" అంది.

"ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి మేడమ్" అన్నాడు అలాంటి బిళ్ళే వేసుకుని పక్క సీట్లో కూర్చున్న ఇస్మాయిల్.

ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే ఈ-లెర్నింగ్ విభాగం. ఆవిడ ఆన్‌లైన్ పాఠాలు తయారు చేస్తుంది, అతను సర్వర్ చూస్తాడు. మధ్యలో ప్లైవుడ్ గోడ. తొమ్మిదేళ్ళుగా ఏం కావాలన్నా కంప్యూటర్లో టికెట్, అంటే ఫిర్యాదు చీటీ, వేసుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. ఏది మొరాయించినా ఆపి మళ్ళీ ఆన్ చెయ్యడం ఈ ఉద్యోగుల కులాచారం. గుంటూరు చేరేలోగా ఆవిడ బిళ్ళను నాలుగుసార్లు ఆపింది.

ఆ బిళ్ళ డాక్టర్ అలివేలు కనిపెట్టింది. మన సమస్య దానికి చెబితే చాలు. దానికి జవాబు తెలిసిన మనిషి, అలాంటి బిళ్ళే వేసుకుని రెండు మూరల దూరంలోకి వస్తే వెలుగుతుంది. రాష్ట్రంలోని ఈ-లెర్నింగ్ సిబ్బందికి గుంటూరులో జరిగే శిక్షణ సదస్సులో ఆరోజే మొదటి ప్రయోగం!

హైమావతి సమస్య చిన్నది కాదు. ఆవిడ వెల్డింగ్ కోర్సులో చేరిన నాలుగు వందల మందీ నాలుగో పాఠం దగ్గరే ఆగిపోతున్నారు. ఆ పాఠం ఆరుసార్లు మళ్ళీ చిత్రీకరించింది. రేపటికి దారి చూపకపోతే కోర్సు మూసేస్తానన్నాడు ప్రిన్సిపాల్. మూడేళ్ళ కష్టం!

హాలంతా తిరునాళ్ళలా ఉంది. ఎక్కడ చూసినా పచ్చటి వెలుగులు, "మీరేనా! మీరేనా!" అంటూ కేకలు. ఇస్మాయిల్ సర్వర్లవాళ్ళ సభకి పై అంతస్తుకి వెళ్ళిపోయాడు. హైమావతి తొమ్మిది వందల మంది మధ్య కాళ్ళరిగేలా తిరిగింది. బిళ్ళ వెలగలేదు.

సాయంత్రం ఏడుపు మొహంతో అలివేలు దగ్గరికి వెళ్ళింది. అలివేలు ఆ బిళ్ళను లాప్‌టాప్‌కి తగిలించి ఎగిరి గంతేసినంత పని చేసింది.

"మీ మనిషి పొద్దున ఏడింటికే దొరికాడమ్మా! నాలుగుసార్లు దొరికాడు, నాలుగుసార్లూ మీరే ఆపేశారు. పేరు ఇస్మాయిల్ అట. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది!"

హైమావతి పరుగున పైకెళ్ళి ఇస్మాయిల్‌ని అడిగింది.

"నాలుగో పాఠమా? అక్కడ ప్రశ్న తెరుచుకోగానే చిన్న ఫోన్లలో 'తర్వాత' బటన్ కనబడదు మేడమ్. మీవాళ్ళందరివీ చిన్న ఫోన్లే. ఇంక ముందుకెలా పోతారు? రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నా."

"చూస్తూ ఊరుకున్నారా! చెప్పొద్దూ?"

"మీరు టికెట్ వెయ్యలేదుగా."

ఆవిడకి కొట్టాలన్నంత కోపమూ, ఆపుకోలేనంత నవ్వూ ఒకేసారి వచ్చాయి. తిరుగు బస్సులో అతను పది నిమిషాల్లో బటన్ సరిచేశాడు. చిలకలూరిపేట వచ్చేసరికి ముప్పై ఒక్కమంది ఐదో పాఠంలో ఉన్నారు. హైమావతి వేసిన కేకకి నిద్రపోతున్నవాళ్ళు లేచారు.

మర్నాడు ప్రిన్సిపాల్ అంతా విని మహా సంతోషించాడు. కోర్సు ఉంచాడు. వచ్చే ఏడాది సదస్సుకి ఆవిడ పెట్టిన దరఖాస్తు మాత్రం కొట్టేశాడు.

"మీక్కావలసిన మనిషి పక్కగదిలోనే ఉంటే గుంటూరు దాకా దేనికమ్మా?"

హైమావతి దరఖాస్తు మడిచి సంచిలో పెట్టుకుంది. పక్కగది మనిషిని కలవడానికే తను గుంటూరు దాకా వెళ్ళాల్సి వచ్చిందని ఆయనకి ఎలా చెప్పడం?