జంటకన్ను చెరిపినవి

ఆ కాలానికి నగరాల ఇళ్లలో కిటికీలు పోయి, గోడకొక జంటచిత్రం వచ్చింది. సగం ఇసుక దిబ్బ, సగం సముద్రపు అల. ఇసుక ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో ఎంత చూసినా తెలిసేది కాదు.

దాన్ని తీసే యంత్రం పేరు జంటకన్ను, అంటే ట్విన్ లెన్స్. ఒక కన్ను థార్ ఎడారిలో, రెండోది ఉప్పాడ ఒడ్డున. దిబ్బ అంచూ అల అంచూ ఒకే వంపు తిరగబోతుంటే గంట మోగి, రెండు షట్టర్లూ కలిసి పడతాయి. దాన్ని కనిపెట్టిన హంసవేణి ఎడారి కన్ను దగ్గర ఒక్కతే ఉంటుంది. ఒడ్డున కన్ను మీది ఉప్పు తుడిచే పని తల్లి నూకరత్నానిది.

పిల్లను ఏ పాము కరిచిందో, ఏ ఇసుక తుఫాను కప్పేసిందోనని నూకరత్నానికి ముద్ద దిగేది కాదు. ఊరికే ఫోను చేస్తే పనిలో ఉన్నానంటుంది. అందుకని గంట మోగగానే వెళ్లి కన్ను ముందు నిలబడేది. చిత్రం పాడయ్యేది. వెంటనే ఫోను వచ్చేది.

"మళ్లీ అడ్డొచ్చావేంటమ్మా?"

"చూసుకోలేదే. తిన్నావా?"

తిట్లయితేనేం, గొంతు వినపడేది.

ఒకనాడు హంసవేణి, "ఇంక నిన్ను తిట్టే పని లేదమ్మా, నరమార్జని పెట్టాను" అంది. అది హ్యూమన్ ఫిల్టర్. చిత్రంలో మనిషి పడితే తనే చెరిపేస్తుంది. ఆ తర్వాత నూకరత్నం ఎంతసేపు నిలబడ్డా చిత్రాలు చక్కగానే వచ్చాయి. ఫోనే రాలేదు.

వానాకాలం వెళ్లిపోయాక ఉండబట్టలేక, మాట్లాడే యంత్రమే కదా అని జంటకన్నునే అడిగింది.

"నన్ను చెరిపి ఎక్కడ పారేస్తన్నావు?"

"పారేయనండీ, దాచి ఉంచుతాను. మీవీ, ఎడారి వైపువీ."

"ఎడారిలో ఎవరున్నారు?"

యంత్రం మీది తెర వెలిగింది. దిబ్బ ముందు హంసవేణి, బుగ్గలు పీక్కుపోయి, కన్నుకేసి సూటిగా చూస్తూ. తర్వాతి చిత్రంలోనూ అలాగే. ఆ తర్వాతి దాంట్లోనూ.

"నరమార్జని పెట్టిన మర్నాటి నుంచీ రోజూ వస్తున్నారండీ. సముద్రం సగంలో మీరు, ఎడారి సగంలో ఆవిడ. మధ్యలో కాస్త ఖాళీ. అంచు పాడవుతుందని ఇద్దరినీ చెరుపుతున్నాను."

నూకరత్నం కూతురికి ఫోను చేసింది.

"ఏమ్మా, ఏదైనా పాడైందా?"

"ఏం లేదే. చిత్రాలు బాగా వస్తన్నాయా?"

"వస్తున్నాయి."

"అడ్డం ఎవరూ పడట్లేదు కదా?"



"ఎవరూ పడట్లేదమ్మా."

"అదే కావాలి" అని నూకరత్నం ఫోను పెట్టేసింది. గంట మోగింది. చీర సర్దుకుని కన్ను ముందుకెళ్లి, రోజూ నిలబడే చోటు వదిలి, ఎడారి సగం వైపు కొంచెం జరిగి నిలబడింది.