ఏడ్చేవాళ్ళు లేని పేషెంటు

"నువ్వు చనిపోతే ఎవరికి చెప్పాలి?"

చీఫ్ విశ్వేశ్వర్ ప్రతి మిషన్‌కు ముందూ ఈ ప్రశ్న అడుగుతాడు. ఏజెంట్ ఆనందరావు ప్రతిసారీ కిటికీ వైపు చూస్తాడు.

"ఎవరికీ అక్కర్లేదు, సార్."

"అందుకే ఈ పనికి నిన్ను పిలిచాను."

అది 1979 ఆషాఢం. కార్వాన్ బస్తీలో గడియారాలు బాగుచేసే దుకాణం, దాని వెనక గది. బయట సన్నటి వాన. గోడ నిండా ఆగిపోయిన గడియారాలు. ఒక్కొక్కటి ఒక్కొక్క వేళ చూపిస్తోంది. ఏ వేళకూ అక్కడికి ఎవరూ రారు.

చీఫ్ బల్ల మీద ఒక చిన్న గాజు సీసా పెట్టాడు.

"దీని పేరు ఆర్-నైన్. కాంట్రాస్ట్ మీడియం. నరంలోకి ఎక్కిస్తే కాసేపట్లో మూత్రపిండాలు చేరుతుంది. అప్పుడు ఎక్స్‌రే తీస్తే, మామూలుగా కనబడని కిడ్నీ ఫిల్మ్ మీద తెల్లగా, ముగ్గు వేసినట్టు కనబడుతుంది. ఇన్నాళ్ళూ ఇలాంటి మందు విదేశాల నుంచే తెచ్చుకున్నాం. ఇప్పుడు మన ల్యాబ్ తయారుచేసింది."

"పనిచేస్తుందా?"

"అది తేల్చడానికే క్లినికల్ స్టడీ. ఛత్రినాక దగ్గర ఒక ధర్మాసుపత్రిలో జరుగుతోంది. సగం మంది పేషెంట్లకు మన మందు, సగం మందికి విదేశీ మందు. సీసాల మీద నెంబర్లే ఉంటాయి. ఇంజెక్షన్ ఇచ్చే డాక్టరుకూ తెలియదు, ఫిల్మ్ చదివే డాక్టరుకూ తెలియదు. బ్లైండ్ స్టడీ."

"శత్రువు?"

"ఆర్బిట్. పైకి మందుల ఎగుమతి, లోపల గూఢచర్యం, హత్య. ఆర్-నైన్ కనిపెట్టిన కెమిస్టు పోయిన నెల రైలు కింద పడ్డాడు. పడ్డాడని రిపోర్టు. తోశారని నా నమ్మకం. ఇప్పుడు వాళ్ళకు కావలసింది ఒక్క చావు. ఆర్-నైన్ తీసుకున్న పేషెంటు ఎక్స్‌రే బల్ల మీద ప్రాణం విడిస్తే చాలు, స్టడీ ఆగిపోతుంది."

ఆనందరావు సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. నీళ్ళలా ఉంది.

"ఏ సీసా మనదో వాళ్ళకెలా తెలుస్తుంది?"

"షహనాజ్ చెబుతుంది. స్టడీ కోఆర్డినేటర్. ఆస్పత్రిలో ఆ సంగతి తెలిసింది ఆమెకొక్కతెకే. ఆమెను కొనేశామని ఆర్బిట్ అనుకుంటోంది. ఆమె మన మనిషి."

"నిజంగా మన మనిషేనా, సార్?"

"ఆ విషయం ఆమెకు తెలిస్తే చాలు." చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఈ వారం ఆర్-నైన్ వంతు ఇద్దరికే వచ్చింది. ఒకరు రాజమణి అనే అమ్మాయి. రెండోవాడు బాలకిషన్, హోటల్లో పనివాడు. అంటే నువ్వు. ఆర్బిట్ నిన్నే ఎంచుకుంటుంది. చుట్టం లేడు, స్నేహితుడు లేడు, అడ్డు నిలిచేవాడు లేడు. సులువైన వేట."

తర్వాత చీఫ్ ఒక చొక్కా అందించాడు. రెండో బొత్తం లోపల ట్రాన్స్‌మిటర్. నొక్కి మాట్లాడితే, ఆస్పత్రి గేటు బయట కూరగాయల బండి పెట్టుకున్న మనవాళ్ళకు వినబడుతుంది.

*

ధర్మాసుపత్రిలో మగవాళ్ళ వార్డుకూ ఆడవాళ్ళ వార్డుకూ ఒకటే వరండా. ఆయా మహబూబ్ బీ, తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి, కొత్త పేషెంటును ఎగాదిగా చూసింది.

"ఎంబడి ఎవరొచ్చిండ్రు?"

"ఎవ్వరు రాలే."

"అమ్మ?"

"లేదు."

"పెండ్లాం?"

"లేదు."

"దోస్తులన్న ఉంటరు గద, బేటా."

"లేరు."

"యా అల్లా. ఇంత పెద్ద శహర్‌ల నీకొక్క మనిషి లేడా?"

ఏళ్ళ తరబడి అబద్ధం ఆడటమే ఆనందరావు ఉద్యోగం. ఇన్ని జవాబుల్లో ఒక్కటైనా అబద్ధం కాకపోవడం అతడికి వింతగా తోచింది. అద్దంలో తన ముఖానికి బదులు ఖాళీ గోడ కనబడినట్టు అనిపించింది.

వరండా అవతలి కొసన రాజమణి బంధుబలగం కాపురం పెట్టినట్టు దిగి ఉంది. చాపలు, గిన్నెలు, కిరోసిన్ స్టవ్వు, గోడకు వేలాడే తువ్వాళ్ళు. భర్త రాజన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. అత్త మాణిక్యమ్మ. వాళ్ళ వెనక ఛత్రినాక గల్లీలో సగం మంది. డ్యూటీ డాక్టరు వచ్చి తరిమితే మెట్ల దాకా వెళ్ళి, ఆయన మలుపు తిరగగానే మళ్ళీ వచ్చి కూర్చుంటున్నారు. రోజూ జరిగే తంతు అది. ఆయన అరుపులో కోపం లేదు, వీళ్ళ నడకలో భయం లేదు.

రాజమణి నడుము పట్టుకుని గోడకు ఆనుకుంది. కిడ్నీలో రాయి ఉందో లేదో తేలాలి. ఆదివారం అమ్మవారికి బోనం ఎత్తాలని ఆమె పట్టు.

"ఓ అన్నా," అని పిలిచింది ఆనందరావును. "గంత దూరం కూసున్నవేంది? మా అత్త వంట వాసనకే భయపడ్డవా?"

"నీ నోట్లె మన్నుబడ," అంది మాణిక్యమ్మ. "రాయి నడుంల ఉన్నదంటున్రు గానీ, నాకైతే నీ నాలిక మీదనే ఉన్నట్టు కొడ్తుంది. రా బిడ్డా, నువ్వు రా. దీని మాట పట్టుకోకు."

వద్దన్నాడు. వినలేదు. రాజన్న జరిగి చోటిచ్చాడు. తమ పళ్ళెంలోనే ఇంత అన్నం, ఇంత పచ్చిపులుసు. ఎవరివి, ఏ ఊరు అని అడగకుండానే మాణిక్యమ్మ మళ్ళీ వడ్డించింది. విదేశీ రాయబారుల విందుల్లో విషం పసిగట్టడం నేర్చుకున్న నాలుక, ఆ పులుసు దగ్గర మాత్రం ఏమీ వెతకలేదు.

సాయంత్రం షహనాజ్ వచ్చింది. జార్జెట్ చీర, నల్లకళ్ళజోడు, సన్నటి అత్తరు పరిమళం. వార్డు మొత్తం ఒక్కసారి దువ్వెన కోసం జేబులు తడుముకుంది. ఆమె ఆనందరావు మంచం దగ్గర ఆగి, కేసు షీటు తిప్పింది.

"నిన్న కార్వాన్‌ల వాన పడ్డదా?"

"పడ్డది. కానీ నేల తడవలే."

కోడ్ కుదిరింది. ఆమె గొంతు తగ్గించింది.

"ఆర్బిట్ మనిషి దిగాడు. రేపు ఇంజెక్షన్ ఇచ్చే డాక్టరు సెలవు. బదులుగా డాక్టర్ ప్రకాశం అనే అతను వస్తాడు. మీ ఇద్దరి నెంబర్లూ అడిగాడు. చెప్పాను. రెండు సీసాల్లో ఒకటి మారుస్తాడు. గుండె ఆపే మందు."

"ఎవరిది మారుస్తాడు?"

"చెప్పలేదు. మీదే అయి ఉంటుందని చీఫ్ అంటున్నారు." నల్ల అద్దాల వెనక కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియలేదు. "భయంగా లేదా?"

"అలవాటు లేదు. మీకు?"

"నేను రెండు వైపులా మాట్లాడే మనిషిని. రెండు వైపులా నన్ను పూర్తిగా నమ్మేవాళ్ళు లేరు. భయమైతే ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియదు." కేసు షీటు మూసింది. "మాత్ర వేసుకో, బాలకిషన్," అని పైకి అని, వెళ్ళిపోయింది.

పరిమళం కాసేపు ఉంది. తర్వాత ఫినాయిలు వాసన దాన్ని మెల్లగా తినేసింది.

*

మర్నాడు ఉదయం వరండాలో కుర్చీలు వెలిశాయి.

కుర్చీలే కాదు, బల్లలు కూడా. ఇద్దరు మనుషులు చాయ్ కెటిల్ పట్టుకుని రాజమణి బంధువులందరికీ పోస్తున్నారు. మహబూబ్ బీ కప్పు పట్టుకుని, తాగడం మరిచి నిలబడింది.

"నా సర్వీసుల గిసుంటి డాక్టర్‌ను చూడలే, బేటా. బయటికి నూకెటోళ్ళే గానీ, కూసోబెట్టి చాయ్ పోసెటోడు రాలే. ఇంటికాడ ఇంకెవరన్న ఉంటే పిలిపించుండ్రి అన్నడట. కార్వాన్‌ల ఉండే మేనత్తకు సుత కబురు పెట్టిండ్రు. ఎవరో ఫోటోలోడు సుత వచ్చిండు."

"ఎందుకట?"

"మంచి మనసంట."

ఆనందరావు మంచం మీద లేచి కూర్చున్నాడు.

ఈ ఆస్పత్రిలో ఏ డాక్టరైనా మొదట నేర్చుకునేది జనాన్ని తరమడం. జనం నేర్చుకునేది తిరిగి రావడం. ఆ ఆట తెలియనివాడు మాత్రమే కుర్చీలు వేయిస్తాడు. లేదా జనం అవసరం ఉన్నవాడు వేయిస్తాడు.

ఒంటరివాడు చస్తే ఏమవుతుంది? ఒక దుప్పటి కప్పుతారు. ఒక మంచం ఖాళీ అవుతుంది. అంతే. స్టడీ ఆగదు, పత్రికల్లో రాదు, అద్దం ఒక్కటి పగలదు. ఆర్బిట్‌కు చావు ఒక్కటే చాలదు. గుండెలు బాదుకునే అత్త కావాలి, తల గోడకు కొట్టుకునే భర్త కావాలి, ఊరంతా కదిలే లొల్లి కావాలి, దాన్ని పట్టుకునే కెమెరా కావాలి.

చీఫ్ లెక్క తప్పు. ఎరగా కూడా తాను పనికిరాడు.

ఆనందరావు పరుగెత్తాడు.

ఎక్స్‌రే గది తలుపు అప్పుడే మూసుకుంది. పైన ఎర్ర బల్బు వెలిగింది. రాజమణి లోపలే ఉంది. ఎక్స్‌రే తీసే అస్లాం బయట, ఫిల్ము డబ్బాలు తెమ్మని డాక్టరు పంపితే, స్టోరు వైపు వెళుతున్నాడు.

"లోపల ఎవరున్నారు?"

"డాక్టర్ సాబ్, షహనాజ్ మేడం, పేషెంటు. కొద్దిగ మందు ఇచ్చి చూసిండ్రు, ఏం కాలే. ఇగ పూర్తిది ఇస్తరు."

తలుపు నెట్టాడు. లోపల గడియ. బొత్తం నొక్కాడు. గరగరమన్న శబ్దం తప్ప జవాబు లేదు. ఎక్స్‌రే కిరణాలు బయటికి పోకుండా ఆ భాగమంతా గోడలకూ తలుపుకూ సీసం రేకు తాపడం చేసి ఉంది. ఆ సీసం బొత్తంలోని గొంతునూ మింగేసింది. గేటు దాకా పోయి రావడానికి వ్యవధి లేదు.

వెనక్కి తిరిగాడు. కుర్చీల్లో జనం, చేతుల్లో చాయ్ కప్పులు. వాళ్ళకు తాను బాలకిషన్. హోటల్ పనివాడు. ఏ అధికారమూ లేదు. బ్యాడ్జి లేదు, తుపాకి లేదు, సాక్ష్యం లేదు.

"అమ్మా," అన్నాడు మాణిక్యమ్మతో. "లోపలున్నది డాక్టరు కాదు. రాజమణికి ఎక్కించేది మంచి మందు కాదు. తలుపు పగలగొట్టాలె. ఇప్పుడే."

రాజన్న ముఖం పాలిపోయింది. "ఏం మాట్లాడుతున్నవన్నా? నీకెట్ల తెలుసు?"

"చెప్పేంత టైం లేదు."

మాణిక్యమ్మ అతడి కళ్ళలోకి చూసింది. ఏ ఇంటరాగేషన్ గదిలోనూ అతడు అంత సూటి చూపు ఎదుర్కోలేదు.

"రాజన్నా, లే," అంది ఆమె. "అబద్ధమైతే తలుపు పోతది. నిజమైతే పిల్ల పోతది."

డాక్టరు వేయించిన బల్లనే ఎత్తారు. మొదటి దెబ్బకు తలుపు మూలిగింది. రెండో దెబ్బకు గడియ వంగింది. మూడో దెబ్బకు జనమంతా బల్లతో సహా లోపల పడ్డారు.

గదిలో మసక వెలుతురు. ఎక్స్‌రే బల్ల మీద రాజమణి, చేతికి రబ్బరు పట్టీ. సూది నరంలోనే ఉంది. ప్రకాశం బొటనవేలు సిరంజి పిడి మీద ఉంది. కానీ పిడి కిందికి దిగడం లేదు. షహనాజ్ తన రెండు వేళ్ళను పిడికీ గాజు గొట్టానికీ మధ్య ఇరికించింది. అతడు శక్తి కొద్దీ నొక్కుతున్నాడు. రెండో చేత్తో ఆమె గొంతు పట్టుకున్నాడు. నల్లకళ్ళజోడు కింద పడి ఉంది. వేళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. ఆమె ఒక్క మాట కూడా అనడం లేదు. ఎవరూ రారని అలవాటైనవాళ్ళు కేక వేయరు.

ఆనందరావు దూకి ప్రకాశం మణికట్టు విరిచాడు. షహనాజ్ సూది లాగేసింది. సిరంజి నేల మీద పగిలింది. ప్రకాశం తలుపు వైపు పరుగెత్తాడు. తలుపులో రాజన్న. అతడి వెనక డిపో మెకానిక్కులు, వాళ్ళ వెనక మేనత్తలు, పినతండ్రులు, గల్లీ. తాను కబురుపెట్టి పిలిపించిన జనంలోంచి బయటపడే దారి డాక్టర్ ప్రకాశానికి దొరకలేదు.

రాజమణి తల ఎత్తి చూసింది.

"ఏందత్తా గిది? అందరు గిట్ల లోపలికొచ్చిండ్రు. ఫోటో నాకు తీస్తున్నరా, మీకందరికా?"

మాణిక్యమ్మ కోడలి తల గుండెకు అదుముకుంది. అప్పుడు ఏడ్చింది. గట్టిగా, ఆస్పత్రి అంతా వినబడేలా. చనిపోయినవాళ్ళ కోసం కాదు కనుక ఆ ఏడుపు వినడానికి బాగుంది.

*

మధ్యాహ్నానికి అంతా సర్దుకుంది. గేటు దగ్గరి కూరగాయలవాళ్ళు ప్రకాశాన్నీ, చాయ్ పోసిన ఇద్దరినీ జీపెక్కించారు. ఫోటోగ్రాఫరు కెమెరాలోంచి రీలు బయటికి లాగి వెలుతురుకు పట్టారు. సెలవులో ఉన్న డాక్టరును ఇంటి నుంచి పిలిపించి, రాజమణికి అసలు ఆర్-నైన్ ఎక్కించారు. ఫిల్మ్ మీద కిడ్నీ తెల్లగా విచ్చుకుంది. అందులో చిన్న రాయి, అన్నం మెతుకంత. కత్తి అవసరం లేదని, నీళ్ళతోనే పడిపోతుందని చెప్పారు. స్టడీ కొనసాగుతుంది. బాలకిషన్ పేరు మాత్రం కొట్టేశారు. జబ్బు లేనివాడు పేషెంట్ల స్టడీలో ఉండకూడదు.

షహనాజ్ వేళ్ళ ఎముకలు విరిగాయేమోనని అస్లాం ఎక్స్‌రే తీశాడు. ఫిల్మ్ ఆరేలోపు ఆమె బయలుదేరింది. ఆర్బిట్‌కు ఆమె ఎవరో తెలిసిపోయింది. కొత్త ఊరు, కొత్త పేరు. ఏ ఊరో, ఏ పేరో ఆనందరావుకు చెప్పకూడదు, అతడు అడగకూడదు. మెట్ల దగ్గర ఆగి, కట్టు కట్టిన చెయ్యి కొంచెం ఎత్తింది. అంతే. ఆటో మలుపు తిరిగింది.

కార్వాన్ దుకాణంలో చీఫ్ రిపోర్టు తీసుకున్నాడు. తర్వాత ఆనందరావు చంకలోని పొడవాటి కవరు వైపు చూశాడు.

"అదేమిటి?"

"ఎక్స్‌రే ఫిల్మ్, సార్."

"ఎవరిది?"

ఆనందరావు కవరు బల్ల మీద పెట్టాడు. చీఫ్ కవరులోంచి ఫిల్మ్ తీసి కిటికీకి ఎదురుగా పట్టాడు. నల్లటి రాత్రిలో తెల్లటి చెయ్యి. సన్నటి అయిదు వేళ్ళు. వేలికి ఉంగరం లేదు.

"మన ఏజెంట్ల ఫోటోలు దగ్గర ఉంచుకోవడం నిషేధం. నీకు తెలుసు."

"తెలుసు, సార్. ఇందులో ముఖం లేదు."

బయట వాన వెలిసింది. చీఫ్ ఫిల్మ్‌ను జాగ్రత్తగా కవరులో పెట్టి వెనక్కి ఇచ్చాడు.

"ఏమీ విరగలేదుగా?"

"లేదు, సార్," అన్నాడు ఆనందరావు. "అంటే, రిపోర్టులో చేతి గురించి మాత్రమే రాశారు."