ఆకురాయి పెట్టిన మాత్ర

ఆమె లేవకముందే ఆయన పని మొదలవుతుంది. పాలు పొయ్యి మీద పెట్టి, ముందుగదిలోని బల్ల దగ్గర దీపం వేసుకుని, కంటికి భూతద్దం బిగించుకుంటాడు. వాచీలు బాగుచేసేవాడి బల్ల అది. ఆగిపోయినవీ, తప్పుడు టైము చూపించేవీ దాని మీద వరసగా పడుకుని ఉంటాయి. అయితే ఈ వేళప్పుడు ఆయన చేతిలో ఉన్నది వాచీ కాదు, పెళ్లాం వేసుకోవాల్సిన నొప్పి మాత్ర.

సన్నటి బ్లేడుతో దాన్ని సరిగ్గా సగానికి కోశాడు. కోసినచోట గరుకుగా ఉంటే ఆమెకు తెలిసిపోతుంది కదా! అందుకని చిన్న ఆకురాయితో అంచంతా గుండ్రంగా అరగదీసి, పొడి ఊదేశాడు. మిగతా సగం పాత స్క్రూల డబ్బాలో పడింది. ఇప్పుడు చూస్తే ఎవరైనా సరే, ఆ మాత్ర పుట్టడమే అంత చిన్నగా పుట్టిందనుకుంటారు. "కంపెనీ మార్చారోయ్, ఇకనుంచి చిన్నవే వస్తాయట" అని పోయిన నెలలోనే చెప్పేశాడు కూడా. ఆమె నమ్మింది. ఆయన మాట ఆమె నమ్మకపోవడమన్నది ఆ ఇంట్లో ఇంతవరకూ జరగలేదు.

"ఏమండీ, పాలు!"

ఆయన పరుగెత్తేలోపే పాలు పొంగి పొయ్యంతా పారాయి.

"ఆ అద్దం పెట్టుకుంటే చీమ కాళ్లు కూడా కనిపిస్తాయి గానీ, పొయ్యి మీద గిన్నె మాత్రం కనిపించదు" అంది ఆమె గుమ్మం పట్టుకుని. నవ్వబోయింది గానీ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది.

"నిద్ర పట్టిందా?"

"ఎక్కడ పట్టింది? భుజం దగ్గర్నుంచి వేలి కొసదాకా నిప్పులు పోసినట్టుంది. ముందు ఇలా ఉండేది కాదండీ. మాత్రతో ఎలాగో నెట్టుకొచ్చాను. ఇప్పుడేమైందో మరి."

ఆయన మాత్రా మంచినీళ్లూ అందించాడు. ఆమె కళ్లజోడు కూడా పెట్టుకోకుండా గుటుక్కున మింగింది.

ఆమె దర్జీ షాపులో కటింగ్ మాస్టరు. షాపు మెట్ల మీద జారిపడ్డ రోజున మెడలో నరం నలిగింది. అది ఇక పూర్తిగా నయం కాదనీ, మాత్రలతో అదుపులో పెట్టుకోవాల్సిందేననీ డాక్టరు చెప్పింది. రేకులోంచి మాత్ర నొక్కి తీసే బలం కూడా ఆ వేళ్లకు లేదు కాబట్టి ఆ పని ఆయన మీద పడింది. పడ్డాక ఆయనకు భయం పట్టుకుంది. ఆయన సొంత అన్నయ్య నిద్రమాత్రలకు అలవాటుపడి, అవి లేనిదే మనిషి కాకుండా పోయి, చివరికి వాటితోనే చచ్చాడు. ఆ చావు కళ్లారా చూసినవాడు ఈయన. 'నా ఇంట్లో అలా జరగనివ్వను' అనుకున్నాడు. డాక్టర్ని ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు.

పొద్దున్నే ఆమెకు మత్తు కమ్మితే, 'సగానికే ఇంత మత్తయితే మొత్తం మింగితే ఏమయ్యేది?' అనుకునేవాడు. సాయంత్రం మూలిగితే, 'అలవాటుపడ్డ ఒళ్లు మారాం చేస్తోంది' అని సర్దిచెప్పుకునేవాడు. రేపట్నుంచి పావు చేద్దామా అని కూడా ఆలోచిస్తున్నాడు. కానీ ఆ రోజెందుకో చేతిలో పని నిలవలేదు. ఒక వాచీ విప్పాడు, మూశాడు, మళ్లీ విప్పాడు. వీధిలోకి రెండుమూడు సార్లు తొంగిచూశాడు.

మధ్యాహ్నం కూతురు తల్లిని పొదివిపట్టుకుని తీసుకొచ్చింది. బళ్లో లెక్కలు చెబుతుంది ఆ పిల్ల. షాపువాళ్లు కబురుచేస్తే క్లాసు మధ్యలోంచి వచ్చింది.

"కటింగ్ బల్ల మీదే తల వాల్చి పడుకుందట నాన్నా. అంతకుముందు కోటు కత్తిరించింది. రెండు చేతులూ ఎడమచేతులే!"

ఇంకోరోజైతే ముగ్గురూ పడిపడి నవ్వేవాళ్లు.

"అమ్మా, నిజం చెప్పు. నొప్పి ఆగక మాత్రలు ఎక్కువ వేసుకుంటున్నావు కదూ?"

"నేనా? రేకు ముట్టుకునే ఓపిక ఉంటేగా! మీ నాన్న చేతిలో పెట్టింది మింగడమే. నా చేతి పని అయిపోయిందే. రోగం ముదిరింది. రేపే వెళ్లి నా కత్తెర షాపులో ఎవరికైనా ఇచ్చేసి వస్తాను."

ఆ కత్తెర ఆమె తన మొదటి సంపాదనతో కొనుక్కున్నది. దాన్ని ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వదు, కాగితం కత్తిరించడానికి కూడా.

"ఉండమ్మా, డాక్టరమ్మని అడుగుతాను" అని కూతురు ఫోను కలిపి, స్పీకర్లో పెట్టి సంగతంతా చెప్పింది.

"మాత్ర కోసి గానీ, నలిపి గానీ ఇస్తున్నారా?" డాక్టరు మొదట అడిగింది అదే.

"లేదండీ" అంది కూతురు.

"కోస్తున్నాను" అన్నాడు ఆయన.

ఫోన్లోంచి డాక్టరు గొంతు గట్టిగా వినిపించింది. "ఎంత పని చేశారండీ! అది రోజంతా కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగేలా తయారుచేసిన మందు. కోస్తే ఉన్నదంతా ఒక్కసారే దిగిపోతుంది. పొద్దున మత్తు అందుకే. సాయంత్రానికి ఏమీ మిగలదు, నొప్పి అందుకే. ప్రాణం మీదికి వచ్చుండేది! ఇంకేమీ వెయ్యకుండా ఇప్పుడే తీసుకురండి. తగ్గించాల్సి వస్తే మెల్లగా నేను తగ్గిస్తాను, మీరు కాదు."

ఆమె బల్ల మీది ఆకురాయికి అంటిన తెల్లటి పొడి చూసి, ఆయన వైపు తిరిగింది. "చిన్నవి వస్తున్నాయన్నారు."

"నువ్వు కూడా అన్నయ్యలా అయిపోతావేమోనని..."

"రోజూ పొద్దున్నే నొప్పి అని మీతో చెప్పాను. నా మొహంలోకి చూస్తూనే విన్నారు కదండీ! నా చెయ్యి చచ్చిపోతోందని నేను లోపల్లోపల ఏడుస్తుంటే, మీరు కూర్చుని మాత్రకి అంచులు అరగదీశారా?"

ఆయన స్క్రూల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. తెల్లటి సగాలన్నీ స్క్రూలతో కలిసి దొర్లాయి. వాటిని చూసి ఆయన చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. చెప్పులు వేసుకుని, కూతురి భుజం పట్టుకుని ఆసుపత్రికి బయలుదేరింది. ఆయన వెనకాలే నడిచాడు.

డాక్టరు మళ్లీ మొదలుపెట్టమన్న రోజు పొద్దున ఆమె తానే రేకు తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. నొక్కింది. వేలు జారింది. మళ్లీ నొక్కింది. ఎదురుగా ఆయన రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని కూర్చున్నాడు. సాయం చెయ్యడానికి వేళ్లు కొట్టుకుంటున్నాయి గానీ, అడగందే ముట్టుకునే ముఖం ఆయనకు లేదు. ఆమె నుదుటికి చెమట పట్టింది. చివరికి రేకును ఆయన ముందుకు తోసింది.

ఆయన నొక్కాడు. నిండు మాత్ర ఆమె అరచేతిలో పడింది.

ఆమె మింగలేదు. బల్ల మీదున్న భూతద్దం తీసి కంటికి బిగించుకుని, మాత్రను దీపం కిందికి పట్టి, అంచంతా చుట్టూ తిప్పి తిప్పి చూసింది. అప్పుడు మింగింది.

"రేపు కూడా చూస్తాను" అంది.

"చూడు."

"ఎల్లుండి కూడా."

"నీ నమ్మకం తిరిగొచ్చేదాకా చూడు" అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.

"సరే, అలా కూర్చోకండి. పాలు పొంగుతున్నాయి, వెళ్లి చూడండి. ఆ కోటుకి కుడిచెయ్యి కత్తిరించాలి, నేను తొందరగా వెళ్లాలి."